సకారంలో ఈల

ఆ భవనంలో కింద పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కు, పైన ఆమెదే వర్క్‌షాపు. పళ్ళు ఊడినవాళ్ళ నోటి అచ్చు కింద తీసి పైకి పంపితే, దాన్నిబట్టి పైన పళ్ళ సెట్లు తయారయ్యేవి.

పైన పనిచేసేది ఇద్దరే. ఒకాయన ముప్ఫై ఆరేళ్ళుగా అక్కడే ఉన్నాడు. మైనాన్ని సన్నటి కత్తితో చెక్కి, చిగురూ పన్నూ కలిసేచోట వంపు తేవడంలో ఆయన తరవాతే ఎవరైనా. అందరూ ఆయన్ని మాస్టారు అనేవారు. రెండో మనిషి పాతికేళ్ళ అమ్మాయి, చేరి మూడు నెలలైంది. ఆమె కంప్యూటర్ తెర మీద పన్ను ఆకారం దిద్దితే, పక్కనున్న యంత్రం గట్టి దిమ్మలోంచి ఆ పన్నును తొలిచి ఇచ్చేది. యంత్రం నడిచినంతసేపూ, అరగదీసే రాయి తిరిగినంతసేపూ ఆమె చప్పుడు సోకకుండా చెవులకు పెద్ద డొప్పలు తగిలించుకునేది. అది చూసి మాస్టారు ఆమెకు డొప్పలమ్మాయి అని పేరు పెట్టాడు.

"రాయి మీద పన్ను పెడితే ఆ చప్పుడే చెబుతుంది ఎంత అరిగిందో," అన్నాడోసారి డాక్టరమ్మతో. "చెవులు మూసుకుని ఈ పని చెయ్యడమేంటండీ? ఈ కాలం పిల్లలు మరీ సుకుమారం. పోనీ మాటైనా పెగులుతుందా అంటే అదీ లేదు. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు గొణుగుడు. మా రోజుల్లో అలా గొణిగితే వీపు విమానం మోత మోగేది."

అమ్మాయి వైపునా ఫిర్యాదులు తక్కువేం లేవు. చేరిన రోజు పొద్దున్నే గుడ్‌మార్నింగ్ మాస్టారూ అంటే ఆయన తలెత్తలేదు. మర్నాడూ అంతే. వారం పోయాక, "ఈ అచ్చు ఎప్పటికి కావాలండీ?" అని అడిగితే, "ఆఁ, అచ్చు బాగానే వచ్చింది," అని మళ్ళీ మైనంలో తల దూర్చాడు. ఇంకోసారి, చిగురు రంగు ఎలా కలపాలో అడిగితే అసలు జవాబే లేదు. ఆమె తన స్నేహితురాళ్ళ దగ్గర ఆయన్ని మౌనస్వామి అనేది.

"పెద్దవాళ్ళంతా ఇంతేనే. తెలిసింది చెబితే మనం వాళ్ళ కుర్చీ లాగేసుకుంటామని బెంగ," అనేది.

చివరికి తన బల్లను పక్క గదిలోకి మార్చమని డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ, "చూద్దాంలే," అని ఊరుకుంది.

ఆ సమయంలోనే టీచరమ్మ పళ్ళ సెట్టు తిరిగొచ్చింది. తిరిగి రావడం అది రెండోసారి.

టీచరమ్మ ఉద్యోగం నుంచి రిటైరై పదేళ్ళు దాటింది. కళ్ళు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటుంది. ఆమె పై సెట్టును మాస్టారే మొదటి నుంచి చివరి దాకా చేత్తో చేశాడు. ఈమధ్య చేసినవాటిలో అదే నంబర్ వన్ అని ఆయన లెక్క. కొత్త పళ్ళతో 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోందని ఆమె మొదటిసారి వచ్చినప్పుడు, "కొత్త చెప్పులు కరవవా అమ్మా? నాలుగు రోజులు పోతే అవే సర్దుకుంటాయి," అని పంపేశాడు. రెండోసారి సెట్టును కింద వదిలివెళితే, ఎక్కడో రవ్వంత గీకి పంపించాడు.

"మాస్టారూ, నిజంగానే ఈల వస్తోంది. కింద ఆవిడ మాట్లాడుతుంటే విన్నాను," అంది అమ్మాయి, ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి.

ఈసారి ఆయనకు వినపడింది. "నువ్వు పుట్టకముందు నుంచీ పళ్ళు కడుతున్నాను," అన్నాడు.

మూడోసారి టీచరమ్మ వచ్చినప్పుడు డాక్టరమ్మ ఆమెను వెంటబెట్టుకుని పైకే తీసుకొచ్చింది. టీచరమ్మకు కోపం లేదు. మెట్లెక్కిన ఆయాసం తీరాక సంచిలోంచి భూగోళం పుస్తకం తీసింది.

"నలుగురితో మాట్లాడ్డానికైతే ఇబ్బంది లేదు బాబూ. కానీ ఆ పిల్లలకి నా మొహం కనపడదు కదా. వాళ్ళకి నేనంటే నా గొంతే. మొన్న ఒక పిల్ల అడిగింది, పాఠం మధ్యలో పిట్ట కూస్తోంది ఎందుకు టీచర్ అని."

పుస్తకం తెరిచి చదవసాగింది. "సముద్రం మీద సూర్యుడి వేడి సోకినప్పుడు నీరు సదా ఆవిరి అవుతూనే ఉంటుంది..."

మాస్టారు చెవి ఒగ్గి విన్నాడు. గొంతు బాగుంది, మాట స్పష్టంగా ఉంది. ఈల ఎక్కడా లేదు. ఆ మాట అనబోతూ తలెత్తాడు. డాక్టరమ్మ కనుబొమలు ముడుచుకున్నాయి. అమ్మాయి పళ్ళు కరుచుకుంది. టీచరమ్మ తన గొంతుకు తానే చిన్నబోయి పెదాలు బిగించింది. మళ్ళీ చదివింది. మళ్ళీ ముగ్గురి మొహాలూ ఒకే క్షణంలో అలాగే మారాయి. వాళ్ళకు వినపడుతున్నదేదో ఆ గదిలో ఉంది. తనకొక్కడికే లేదు.

ఆయన సెట్టును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"రేపు పొద్దున రండమ్మా. చూస్తాను," అన్నాడు మెల్లగా.

సాయంత్రం ఇంటికెళ్ళాక కుర్చీలో కూర్చుని భార్యను పిలిచాడు.

"నాకు సరిగ్గా వినపడటం లేదా?"

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలోని చొక్కా అలాగే పట్టుకుని ఆయన వంక చూసింది.

"ఇప్పటికి తెలిసిందా? నాలుగేళ్ళయింది. మొదట్లో నేను పిలిస్తే పలకట్లేదని అలిగాను. తర్వాత అరవడం మొదలుపెట్టాను. వయసొచ్చేకొద్దీ నేను గయ్యాళినయ్యానని మీ అక్కయ్యతో చెప్పారట కదా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. వినపడలేదు మీకు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఆయన నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ముప్ఫై ఆరేళ్ళు ఆ రాయి పక్కన ఒట్టి చెవులతో కూర్చున్నాడు. చెవిలో దూది పెట్టుకోమన్న, డాక్టరమ్మకు ముందు ఆ క్లినిక్కు నడిపిన పాత డాక్టరుగారిని కూడా నవ్వి తోసిపారేశాడు. అదంతా గుర్తొచ్చి, అన్నం ముందు కూర్చున్నా చెయ్యి కదల్లేదు. భార్య పక్కనే కూర్చుని, అరవకుండా, ఆయన భుజం తట్టింది.

మర్నాడు ఆయన అరగంట ముందే వచ్చాడు. అమ్మాయి వచ్చి డొప్పలు తీసి బల్ల మీద పెడుతుంటే నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మాయ్, నీతో ఒక మాట. నిన్న ఆ ఈల నాకు వినపడలేదు. అసలు వినపడలేదు. సన్నటి చప్పుళ్ళేవీ నా చెవికి ఆనటం లేదు."

మూడు నెలల గుడ్‌మార్నింగులన్నీ ఒక్కసారిగా లెక్కకొచ్చినట్టు ఆమె మొహం ఎర్రబడింది.

"అయితే... నేను పిలిచినప్పుడు..."

"కొంచెం గట్టిగా."

"నేను పిలిచినప్పుడు మీరు పలకనిది అందుకేనా? నేను మేడంతో చెప్పాను మాస్టారూ. మీరు పెద్దరికం చూపిస్తున్నారని. బల్ల మార్చమని కూడా అడిగాను."

"నేనూ చెప్పాను, నువ్వు గొణుగుతావని," అన్నాడాయన. "ఈ కాలం పిల్లలందరూ గొణుగుతారని. అందరూ ఒకేలా గొణుగుతుంటే నాకైనా అనుమానం రావద్దూ?"

ఆమె నవ్వుదామా వద్దా అని చూసింది. ఆయనే ముందు నవ్వాడు.

"మేడంకి చెప్పాలా?" అని అడిగింది.

"నేనే చెబుతాను. ముందు టీచరమ్మ పని కానీ. నువ్వు విను, నేను చెక్కుతాను."

"ముందు పళ్ళ వెనక పల్చగా అరగదీస్తే సరిపోతుంది కదా? గాలికి దారి దొరుకుతుంది," అంది అమ్మాయి.

"అరగదీస్తే ఇంకా చెడుతుంది." ఆయన సెట్టును తిరగేసి అంగిలి భాగం చూపించాడు. "ఈవిడ దవడ ఇరుకు. 'స' అన్నప్పుడు నాలుక ఈ రెండు వైపుల పళ్ళ మధ్యనుంచి అంగిలి దాకా ఎక్కాలి. అంత దూరం ఎక్కితే గాలికి సన్న గొట్టమంత దారే మిగులుతుంది. అందుకే ఈల. ఇక్కడ, మధ్యలో, అంగిలిని కాస్త కిందికి దించితే నాలుక అంత ఎక్కక్కర్లేదు. మరీ మందమైతే మాట మొద్దుబారుతుంది. ఎంత అనేది చెవి చెప్పాలి." సెట్టును బల్ల మీద పెట్టాడు. "నా చెవి చెప్పేది, ఒకప్పుడు."

పది గంటలకు టీచరమ్మ వచ్చింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మాయి ఆమెకు ఎదురుగా, మాస్టారు పక్కన కూర్చున్నారు. ఈల వస్తే అమ్మాయి చూపుడువేలు ఎత్తాలి, మాట మొద్దుబారితే అరచెయ్యి చూపాలి అని అనుకున్నారు. మాస్టారు గులాబీ మైనం కరిగించి సెట్టు అంగిలి మధ్య చుక్క వేసి ఇచ్చాడు. టీచరమ్మ సెట్టు పెట్టుకుని చదివింది. వేలు లేచింది. ఇంకో చుక్క వేశాడు. వేలు లేచింది, కానీ తటపటాయిస్తూ. మూడో చుక్క కాస్త పెద్దదే పడింది.

"శముద్రం మీద శూర్యుడి వేడి శోకినప్పుడు..."

అమ్మాయి అరచెయ్యి చూపించి, ఆపుకోలేక ఫక్కున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది టీచరమ్మే. "క్లాసులో ఎవరైనా ఇలా చదివితే గోడకుర్చీ వేయించేదాన్ని!" అంది, సెట్టు తీసి ఇస్తూ.

ముప్ఫై ఆరేళ్ళలో ఒకరి వేలు చూసి కత్తి పట్టడం మాస్టారికి అదే మొదటిసారి. మొదట్లో మనసు చిన్నబోయినట్టయింది. ఆ తర్వాత పని ఆయన్ని లాక్కుంది. కాగితమంత పొర తీశాడు. అంచులు నునుపు చేశాడు. మళ్ళీ గోరంత తీశాడు. టీచరమ్మ చదువుతూ పోయింది. వేలూ లేవలేదు, అరచెయ్యీ లేవలేదు. ఆమె ఆ పేజీ అంతా చదివి, పేజీ తిప్పి, ఎవరూ అడక్కుండానే తరవాతి పాఠంలోకి వెళ్ళిపోయింది.

మాస్టారు అమ్మాయి మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది.

"పోయిందా?"

"పోయింది మాస్టారూ," అంది, ఒక్కో అక్షరం పలికి.

మధ్యాహ్నం ఆయన కిందికి వెళ్ళి డాక్టరమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాడు. పళ్ళు నోట్లో పెట్టి మాట చూసేటప్పుడు ఇకపై అమ్మాయి పక్కన ఉండాలన్నాడు. బల్ల మార్చే సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మాత్రం నెల రోజులు సాగదీశాడు. చివరికి భార్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. చెవిలో మిషను పెట్టించుకుని బయటికొస్తే వీధి వీధంతా మీద పడ్డట్టయింది. కాగితం సంచి నలిగినా ఉలిక్కిపడ్డాడు. ఆ వారమంతా భార్యను కాస్త నెమ్మదిగా మాట్లాడమని బతిమాలాల్సి వచ్చింది. నాలుగేళ్ళ అలవాటు, ఆమెకూ అంత తొందరగా పోలేదు.

ఆ ఇద్దరికీ అన్నిట్లోనూ పొత్తు కుదిరిందని కాదు. అయిదు కాగానే అమ్మాయి చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి లేచిపోతుంది. అది ఆయనకు ఇప్పటికీ నచ్చదు. "జీతం అయిదు దాకే కదా మాస్టారూ," అని ఆమె అంటే, "పన్నుకి టైము తెలుస్తుందా?" అంటాడు. యంత్రం చెక్కిన పన్ను ఆయన చేతి పన్నులా ఉండదని ఆయన, రెండింటికీ తేడా కనిపెట్టే పేషెంటు ఇంకా పుట్టలేదని ఆమె, వారానికోసారి వాదించుకుంటారు.

ఆమధ్య ఒక మధ్యాహ్నం పని తక్కువగా ఉంటే, కోరపన్ను మైనంలో చెక్కడం నేర్పమని ఆమె అడిగింది. ఆయన చెక్కి చూపించాడు. ఆమె చెక్కితే కొస పుటుక్కున విరిగింది. ఇంకోటి చెక్కింది. అదీ విరిగింది.

"అర్థమైందా?" అన్నాడు.

"లేదు. మళ్ళీ చెప్పండి."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, కొత్త మైనం ముక్క తీసి, ఈసారి ఆమె చేతిలోనే కత్తి ఉంచి, పైన తన చెయ్యి వేసి నడిపించాడు.