ఆగమని చెప్పే గీత

సాఫ్ట్‌వేరు లైసెన్సు గడువు పోయిన రోజు కూడా భూపతి ఎనిమిదింటికే టెంఘర్‌లోని వర్క్‌షాపు షట్టరు ఎత్తాడు. టిఫిన్ డబ్బా కిటికీలో పెట్టి, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. రెక్సిన్ చిరిగిన చోట తనే కుట్టుకున్నాడు.

పోగు తెగితే మరమగ్గాన్ని ఆపే చిన్న సర్క్యూటు కార్డులు అక్కడ తయారవుతాయి. కొత్త కార్డును ముందు కంప్యూటరులోనే నడిపి చూశారు. ఏ క్షణాన ఏ సిగ్నల్ లేచిందో, పడిందో ఒక ఫైల్లో ఉంది. అది ఒకే కంపెనీ సాఫ్ట్‌వేరులో తెరుచుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేరు ఇవాళ్టి నుంచి పనిచేయదు. కనేరిలోని మగ్గాల షెడ్డులో ఇప్పటికే నలభై కార్డులు బిగించారు. ఆగిన మగ్గం ఒక్కోసారి తనంతట తానే కదులుతోందని కార్మికులు అంటున్నారు.

"అనుమానం మీద కార్డులెట్ల తీపిస్త?" వర్క్‌షాపు యజమాని కాశీనాథ్ కాల్హేర్‌కు బయల్దేరుతూ అన్నాడు. "గీత చూపియ్. గప్పుడే షెడ్డుకు ఫోన్ జేస్త."

భూపతి ఫైలును వట్టి అంకెలుగా తెరిచాడు. పాత పరీక్ష గ్రాఫు ప్రింటు పక్కన పెట్టుకుని, తెలిసిన ఎత్తుపల్లాలను తెలియని అంకెలతో పోల్చాడు. ఏది కాలమో, ఏది సిగ్నలో గుర్తుపట్టి గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీశాడు. అంకెలు లేనిచోట ఖాళీ వదిలాడు.

మధ్యాహ్నం అన్న మల్లేశం ఫోను చేశాడు. భూపతి ఐటీఐ చదవాలని తాను బడి మాని మగ్గం దగ్గర నిలబడ్డ మనిషి. ఇప్పుడు కనేరి షెడ్డులోనే పని.

"ఏందిరా, నీ కార్డు నీ లెక్కనే ఉన్నది. ఆగుమంటే ఆగుతది, జెరసేపటికి దాని ఇష్టం."

"కరెంటు పోయినప్పుడు మగ్గంల చెయ్యి పెట్టకే అన్నా."

"గప్పుడు గాక ఇంకెప్పుడు పెడ్తర్రా? మగ్గం నడుస్తుంటె పోగులతుకుతరా?" నవ్వాడు. "నువ్వు ముందుగాల బువ్వ తిను."

మూడింటికి తన తప్పు తెలిసింది. ఆ ఫైలు మార్పును మాత్రమే రాస్తుంది. ఏమీ రాయలేదంటే అంతకుముందు ఉన్నదే కొనసాగుతోందని. పొద్దుటి నుంచి వదిలిన ఖాళీలను పూరించసాగాడు. కరెంటు పోగానే ఆగమనే సిగ్నల్ పడింది. కరెంటు వచ్చాక లేవాలి. లేవలేదు. పోగు తెగి ఆగిన మగ్గం, కరెంటు రాగానే దానంతటదే నడుస్తుంది.

అప్పుడే ఫ్యాను ఆగింది. తర్వాత వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో భూపతికి తన చెవుల హోరు వినిపించింది.

మల్లేశానికి ఫోను చేశాడు. మోగింది. పనిలో ఉంటే ఆ ఫోను చొక్కాతోపాటు మేకుకు వేలాడుతుంది. ముప్పై ఏళ్ల మగ్గం మోత తర్వాత అన్న చెవులకు అంత చిన్న చప్పుడు ఆనదు. మళ్లీ చేశాడు. మళ్లీ.

ఫ్యాను తిరిగింది. వీధి మళ్లీ దడదడలాడింది.

ఐదోసారికి ఎవరో ఎత్తారు.

"మల్లేశం తమ్మునివేనా? జెర మెల్లగ రా బిడ్డా."

వంగి పోగు అతుకుతున్నాడట. మగ్గం దానంతటదే కదిలింది. పోగుల మధ్య అటూ ఇటూ దారం మోసే నాడె ఎగిరి కణతకు తగిలింది. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

టెంఘర్‌లో బల్ల మీద గ్రాఫు కాగితం అలాగే ఉంది. చివరి గీత సగంలో ఆగింది. కనేరిలో మిగిలిన ముప్పై తొమ్మిది కార్డులు ఇంకా తీయలేదు.