నూటొకటో కాయ

పలాసలో రక్తపరీక్షల ల్యాబు ముందు బల్ల మీద ఇందుమతి కుదురుగా కూర్చోలేకపోతోంది. లేస్తుంది, గుమ్మం దాకా వెళ్తుంది, మళ్లీ వచ్చి కూలబడుతుంది. చేతిలో చీటీ. దాని మీద భర్త గౌరీశంకర్ పేరు, పక్కన నంబరు 10403. రిపోర్టు పదకొండింటికన్నారు. పన్నెండు కావస్తోంది.

ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. బస్సు టికెట్టయినా సరే, నంబరు కనిపిస్తే దాన్ని ముక్కలు చేసి చూడందే ఊరుకోదు. ఇవాళ మాత్రం ముక్కలు కాకూడదని మొక్కుకుంది. 10403 ప్రధాన సంఖ్య అయితే, అంటే ఒకటీ తానూ తప్ప ఇంకేదీ దాన్ని భాగించలేకపోతే, గౌరీశంకర్ కిడ్నీలు చెక్కుచెదరలేదన్నమాట. ఈ మాట పిల్లలెవరైనా అంటే చెవి మెలిపెట్టేదే. కానీ తమ కవిటి చుట్టుపక్కల తెలిసినవాళ్లు ఒక్కొక్కరే ఈ కిడ్నీ జబ్బుతో మంచం పడుతుంటే, చదువు ఏం ధైర్యం చెబుతుంది?

చీటీ వెనక భాగాహారాలు మొదలుపెట్టింది. ఏడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. పదకొండుకి ఎనిమిది. పదమూడుకి మూడు. శేషం మిగిలిన ప్రతిసారీ ప్రాణం కాస్త కుదుటపడుతోంది. అలా తొంభై ఏడు దాకా వచ్చింది. నూరు నూర్లు పదివేలే కాబట్టి నూటొకటి కూడా చూడాలి. అదొక్కటే మిగిలింది. పెన్నుకి మూత పెట్టేసింది, పిరికిది.

"ఏటే, ఆ సీటీని అలా పొడిసేత్తన్నావు?" అన్నాడు గౌరీశంకర్. ఉబ్బిన పాదాలకి చెప్పులు పట్టక పక్కన విడిచి కూర్చున్నాడు.

"ఏట్లేదు బావా. ఈ నంబరు సమానంగా పోగులు పడతాదా అని."

అతను చీటీ లాక్కున్నాడు. కొబ్బరితోటలో కాయలు లెక్కపెట్టేటప్పుడు, వంద అయిన ప్రతిసారీ ఇంకో కాయ తీసి పక్కన పెడతారు. అది గుర్తుకాయ. చివర్లో గుర్తుకాయలు లెక్కేస్తే ఎన్ని వందలో తేలిపోతుంది. ఊహ తెలిసినప్పట్నుంచీ అతనిది అదే లెక్క.

"ఎందుకు పడదూ? నూటమూడు వందలు, ఆటికి నూటమూడు గుర్తుకాయలు. నూటొకటి సొప్పున నూటమూడు పోగులు. టీసరమ్మకి ఈ మాత్రం తెల్దా?" గర్వంగా నవ్వాడు.

ఇందుమతికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ నంబరుని ముక్కలు చెయ్యడానికి అంత తొందరేమొచ్చింది ఈ మనిషికి!

"తప్పు సెప్పినానేటి?"

"లేదు బావా. నువ్వు సెప్పిందే రైటు."

లోపల్నుంచి అతని పేరు పిలిచారు. రిపోర్టులిచ్చే కిటికీ దగ్గరికి ఆమే వెళ్లింది. కిడ్నీలు బాగుంటే ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ ఆరు దాటింది. "డాక్టరుగారికి ఎంటనే సూపించండమ్మా," అంది కాగితం ఇచ్చిన అమ్మాయి, తలెత్తకుండా.

ఇందుమతి కిటికీ చట్రం పట్టుకుంది.

"ఇందూ!" బల్ల మీంచి గౌరీశంకర్ కేకేశాడు. ఇంకా ఆ చీటీనే చూస్తున్నాడు. "ఈ నూటొకటీ, నూటమూడూ మళ్లీ పోగులు పడతాయేటి?"

"పడవు బావా. రెండూ గట్టివే."

తర్వాత కిటికీ వైపు తిరిగి చిన్నగా అడిగింది.

"నా రక్తం కూడా తియ్యండమ్మా. కిడ్నీ ఇవ్వాలంటే ముందు గ్రూపు కలవాలంట గదా."

ఆ అమ్మాయి ఆమె ముఖంలోకి ఓసారి చూసి, కొత్త చీటీ రాసిచ్చింది. ఇందుమతి నంబరు చూడకుండానే దాన్ని మడిచి, చెయ్యి చాపింది.