ఇప్పచెట్ల కాయితం

పచ్చికట్టె అంటుకోవడం లేదు. సుభద్రమ్మ ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అరుగు మీద భర్త రామచంద్రయ్య పంతులు బడిపిల్లల చేత వల్లె వేయిస్తున్నాడు: "అడవి సర్కారువారి సంపద. విద్యలేనివారు దానిని పాడుచేయుదురు." ఆ అడవిలోంచి రెండు మైళ్ళు ఆమె నెత్తిన మోసుకొచ్చిన మోపే ఆయన అన్నం కింద పొగలు కక్కుతోంది.

నల్లమల అంచున ఉన్న ఆ నైజాం పల్లెకు కోడలిగా రాకముందు ఆమె కూడా నాలుగో తరగతి చదివింది. పుస్తకాల్లో టేకు ఉండేది, గంధం ఉండేది. ఇప్పచెట్టు ఒక్క పాఠంలోనూ లేదు. లేదన్న సంగతి, ఎండాకాలం ఊరంతా ఇప్పపువ్వు ఉడకబెట్టుకుని తినడం చూశాకే తోచింది. ఆ మాటే అంటే, "నాలుగక్షరాలు రాంగనే నాకే పాఠం చెప్తవా?" అని ఆయన నవ్వాడు. అత్త కూడా నవ్వింది. అప్పట్నుంచి ఆ నవ్వు లోపల ముల్లులా మెదులుతూనే ఉంది.

పాఠం అయ్యాక ఆయన ఒక కాయితం, నాగర్‌కర్నూల్ నుంచి తెచ్చిన సిరాబుడ్డి ఆమె ముందు పెట్టాడు.

"ఇప్పపువ్వు ఏరేది ఆడోళ్ళు గనుక వాళ్ళ వేలిముద్రలే కావాల్నంట కలప గుత్తదారుకు. నీ మాటైతే వాళ్ళు ఇంటరు. బడి కోసమని చెప్పు, చాలు."

ఇప్పల కింద ఆడవాళ్ళు ఆకులు ఊడ్చి కుప్పలు పెడుతున్నారు. రాలిన పువ్వు ఆకుల్లో కలిసిపోకుండా, పువ్వు రాలేముందే ఏ ఇంటి చెట్టు కింద ఆ ఇంటి ఆడది నేల ఊడ్చి, ఆకు కాల్చడం అక్కడి రివాజు. సుభద్రమ్మ వాళ్ళ దగ్గరికి నడుస్తూనే కాయితం చదివింది.

'ఈ ఊరి స్త్రీలము తెలివిలేక అడవికి నిప్పు పెట్టుచున్నాము. కావున ఇప్పచెట్లు కొట్టించి టేకు నాటించుటకు సమ్మతించి, చదివి వినిపించగా విని, వేలిముద్రలు వేసినాము.'

ముత్యాల్లాంటి అక్షరాలు. భర్తవే. ఆమె కాళ్ళు ఒకసారి ఇంటివైపు తిరిగాయి. మళ్ళీ చెట్లవైపే పడ్డాయి.

ఎస్తేరమ్మ చీపురు పక్కన పడేసి బొటనవేలు చాపింది. "యాడ ఒత్తాలె పంతులమ్మా? జల్ది చెప్పు, ఆకంత గాలికి పోతది."

"జర ఆగు ఎస్తేరక్కా. అందర్నీ పిలువు."

సాయంత్రం రామచంద్రయ్య కాయితం తిప్పి తిప్పి చూశాడు. "ఒక్క ముద్ర గూడ లేదేందే? పొద్దంత ఏం జేసినవ్?"

సుభద్రమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది.

"మీరే రాసిండ్రు గద, చదివి వినిపించగా విని అని. చదివి ఇనిపించిన. ఇన్నరు."