జవాబు చెప్పని సారు

ఆ శనివారం గుంటూరు బీఈడీ కాలేజీలో సెమినార్. ఆర్కుట్ లాంటి నెట్ స్నేహాల సైట్లు చదువుకు పనికొస్తాయో రావో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. కరెంటే సరిగా ఉండని బళ్లకు ఇవెందుకని కొందరన్నారు. ఆడపిల్లలు నెట్ సెంటరుకు వెళితే ఇంట్లో ఊరుకుంటారా అని కొందరన్నారు. చైతన్యకృష్ణ లేచి పనికొస్తాయనగానే, "ఏరా, నువ్వు రోజూ పోయేది చదువుకోడానికేనా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. గదంతా నవ్వింది.

జ్యోతిర్మయి నవ్వలేదు. ఆమెదీ పనికొస్తాయనే పక్షమే. అందుకు ఉదాహరణ ఆమె దగ్గరే ఉందని లెక్చరర్ గారు అందరికీ చెప్పి ఉంచారు.

ఆ ఉదాహరణ ఆమె తోటి విద్యార్థి కోటేష్‌ది. టీచింగ్ ప్రాక్టీసుకు వాళ్లిద్దరినీ సత్తెనపల్లిలో ఒకే హైస్కూల్లో వేశారు. తిరిగి వచ్చేసే ముందు అతను తొమ్మిదో తరగతి పిల్లల కోసం తన ఫొటోతో ఆర్కుట్‌లో ఒక ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ ఆమెకూ ఇచ్చాడు. ఆ తరగతిలో కరీమున్ అనే అమ్మాయి ఉంది. తండ్రి బుడేకు ఊళ్లో నెట్ సెంటరుంది. అందరి లెక్కల సందేహాలూ పోగుచేసి, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఆ పిల్లే పంపేది.

ఫిబ్రవరిలో, మిరప బస్తాలతో మార్కెట్ యార్డుకు వెళుతున్న లారీ కోటేష్ బండిని గుద్దింది. అతను అక్కడికక్కడే పోయాడు.

ఆ సంగతి పిల్లల దాకా చేరలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు జ్యోతిర్మయి ఖాతా తెరిచేసరికి లెక్కలు వచ్చి ఉన్నాయి. పరీక్షల ముందు పిల్లల్ని ఏడిపించడం ఎందుకని, చేసి పంపేసింది. తర్వాత వచ్చినవీ చేసింది. ఫొటోలో అతని నవ్వు పక్కన తన జవాబులు కనబడుతుంటే, ఆ కాసేపూ అతను ఎక్కడికీ పోనట్టే ఉండేది. పిల్లల కోసమే చేస్తున్నానని మాత్రం తనకు తాను చెప్పుకునేది.

సెమినార్ రోజు పొద్దున కరీమున్ రాసింది: "సార్, మీకు ఒంట్లో బాగా లేదా? ఈమధ్య జవాబులు చెప్పేస్తున్నారు."

కోటేష్ ఎన్నడూ జవాబు చెప్పేవాడు కాదు. ఏ సందేహం అడిగినా "నువ్వేమంటావు?" అని తిరిగి అడిగేవాడు. చివరికి పిల్లలే చేసుకునేవాళ్లు. క్లాసు వెనక కూర్చుని ఆమె రోజూ విన్న మాటే అది. జవాబులు రాసేటప్పుడు ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

తన వంతు రాగానే లేచి నిలబడింది. పనికొస్తాయని అనలేకపోయింది, రావనీ అనలేకపోయింది. ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికొచ్చి సత్తెనపల్లి బస్సెక్కింది.

నెట్ సెంటరులో బుడే ఆమెను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. కరీమున్ ఆమె వెనక గుమ్మం వైపు చూసింది.

"సార్ రాలేదా మేడం?"

జ్యోతిర్మయి చెప్పింది. ఎప్పుడు పోయాడో, ఆ జవాబులు ఎవరు రాశారో, అంతా చెప్పింది. గేములాడుతున్న కుర్రాళ్లను బుడే మెల్లగా బయటికి పంపేశాడు. కరీమున్ ఏడవలేదు. తెర మీద ఖాతాలో ఉన్న సార్ ఫొటో కేసి చూస్తూ ఉండిపోయింది.

"అయితే ఇది తీసేస్తారా మేడం?"

జ్యోతిర్మయి నిజంగానే తెలియక అడిగింది.

"నువ్వేమంటావు?"

అప్పుడు కరీమున్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.