చెయ్యెత్తితే ఆపేస్తాను

పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఒక హక్కుంది. నొప్పి పుట్టినా, భయమేసినా ఎడమ చెయ్యి పైకెత్తితే చాలు, ఆయన ఉన్నపళంగా పని ఆపేస్తాడు. ఇంకొక్క నిమిషం ఓర్చుకోండి అనడు. అయిపోయింది, అయిపోయింది అని అబద్ధమాడడు. డ్రిల్లు పక్కన పెట్టి, ఆ చెయ్యి దిగేదాకా గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. ఊళ్ళో పిరికివాళ్ళంతా ఏరికోరి ఆయన దగ్గరికే వచ్చేది అందుకే.

అంతమందికి ధైర్యం చెప్పిన ఆ పెద్దమనిషికి విమానమంటే ఒళ్ళంతా వణుకు. నవ్వొస్తే నవ్వుకోండి, ఆయనకి మాత్రం అదేం నవ్వులాట కాదు. తలుపులు బిగించి గాల్లోకి లేపాక మనం చెయ్యెత్తినా ఆపే నాథుడుండడు కదా, అదీ ఆయన బాధ. అందుకని సెలవులొస్తే ఆ ఇంట్లో రైలే గతి. రైలు పోని చోటు ఆ ఇంటివాళ్ళకి లేనట్టే లెక్క. బామ్మర్ది ఆయనకి ‘రైలు బావ’ అని పేరు పెట్టాడు. చుట్టాలంతా ఆ పేరే ఖాయం చేశారు.

భార్య మాత్రం ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. క్లినిక్కులో ఆయన పక్కన నిలబడి రోగి నోట్లో నీళ్ళు లాగే గొట్టం పట్టుకునేది ఆమే. ఎవరైనా ఎగతాళి చేస్తే, “పోనిద్దురూ, రైల్లో కిటికీ తెరుచుకోవచ్చు, విమానంలో తెరవగలమా?” అని మాట మార్చేసేది. ఇలాంటి భార్య దొరకడం తన అదృష్టమని ఆయన లోలోపల పొంగిపోయేవాడు.

ఒకే ఒక్కసారి, కూతురు బాగా చిన్నగా ఉన్నప్పుడు, ఆయన నిజంగా గుండె రాయి చేసుకున్నాడు. టిక్కెట్లు కొన్నాడు. బయల్దేరే రోజు పొద్దున్న ఒక పెద్దాయన పంటికి లోపలి పని ముగించాలి, అంతే. సగం తొలిచిన పన్ను అలా వదిలేసి ఏ డాక్టరూ ఊరెళ్ళడు. సరిగ్గా అప్పుడే పక్కగదిలో కంప్రెసరు ఆగిపోయింది. దాని గాలి లేకపోతే డ్రిల్లు తిరగదు. పెద్దాయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. మెకానిక్కు వచ్చేసరికి అది తనంతట తనే నడుస్తోంది. విమానం మాత్రం వెళ్ళిపోయింది.

“బావే ఏదో మీట నొక్కేసుంటాడు!” అని బామ్మర్ది పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పదేపదే చెప్పి నవ్వించేవాడు. తను ఏ మీటా నొక్కలేదని డాక్టరు ఎంత మొత్తుకున్నా నమ్మినవాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే ఆయనకి ఆ పొద్దున ఏడుపొచ్చింది. కూడగట్టుకున్న ధైర్యం కాస్తా ఆవిరైపోయింది, మళ్ళీ పోగవ్వలేదు.

ఈ ఏడు కూతురు అడ్డం తిరిగింది. సముద్రం మధ్యలో ఉన్న దీవి చూడాలంది.

“రైలు అక్కడికి పోదు నాన్నా, నేను చూసుకునే అడుగుతున్నా. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే మామయ్యవాళ్ళతో వెళ్ళిపోతాను. నువ్వు లేని ఫొటోలు తెచ్చి చూపిస్తాలే.”

ఆ చివరి మాట ఆయనకి చురుక్కున తగిలింది. “వస్తాను తల్లీ” అన్నాడు. పళ్ళెంలో పనిముట్లు సర్దుతున్న భార్య చేతిలోంచి చిన్న అద్దం జారి కింద పడి పగిలింది. సంతోషంతో చేతులు వణికాయనుకున్నాడు పాపం.

ఆ సాయంత్రం నుంచి క్లినిక్కులోనే సాధన. రోగులు వెళ్ళిపోయాక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నడుముకి కండువా బిగించేవాళ్ళు. కూతురు విమానంలో అమ్మాయిలా చేతులూపుతూ తలుపులెక్కడున్నాయో చూపించేది. భార్య పక్కగదిలో కంప్రెసరు మోత పెట్టి, కుర్చీని వెనక్కి ఒరగదోసి, గుభీమని కుదిపేది. మామూలుగా కాదు, ఎముకలు కదిలేలా కుదిపేది. ఆయన ఎడమ చెయ్యెత్తితే ఆపాలి, అదీ ఒప్పందం. మొదట్లో కుర్చీ ఒరగకముందే చెయ్యి లేచిపోయేది. రానురాను కింద ఉండిపోయింది.

“అమ్మా, నువ్వూ ఒకసారి కూర్చో” అంది కూతురు.

“నాకెందుకే? నాకేమన్నా భయమా?” అని కసిరి, ఆమె లైట్లు ఆర్పేసింది.

విమానంలో కిటికీ దగ్గర కూతురు, మధ్యలో ఆయన, నడవా పక్కన భార్య. తలుపు మూసుకుంది. మోత పెరిగింది. మోతకి భయపడలేదు, అలవాటైపోయింది. ఎడమ చేతిని తొడకింద అదిమిపెట్టి కళ్ళు మూసుకున్నాడు. విమానం పరుగందుకుంది. ఎవరిదో మోచెయ్యి తగిలితే కళ్ళు తెరిచాడు.

పక్కన భార్య ఎడమ చెయ్యి నిటారుగా పైకి లేచి ఉంది.

ఆయనకి ముందు అర్థం కాలేదు. పై సామాను కోసమేమో అనుకున్నాడు. అప్పుడు ఆమె మొహం చూశాడు. నెత్తురుచుక్క లేదు. ఆ మొహం ఆయనకి కొత్త కాదు, రోజూ ఆ కుర్చీలో చూసేదే. ఈవిడ మొహంలో చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

“ఆపమనండి” అంది పళ్ళ బిగువున. “ఏవండీ, ఆపమనండి.”

“నీకు... నీకు భయమా?”

“చచ్చేంత. మొదట్నుంచీ. మీరు ఎలాగూ ఎక్కరని నిశ్చింతగా ఉన్నాను. ఈసారీ ఒప్పుకోరనుకున్నాను.” ఉన్నదంతా కక్కేసింది. “ఆరోజు కంప్రెసరు పాడవలేదు. నేనే ప్లగ్గు పీకేశాను. మెకానిక్కు గుమ్మంలోకి రాగానే మళ్ళీ పెట్టేశాను.”

డాక్టరు కొయ్యబారిపోయాడు.

“నువ్వా? ఆ రోజు నేను ఎక్కేవాణ్ణే! నిజంగా ఎక్కేవాణ్ణి! మీ తమ్ముడు నలుగురిలో నన్ను దొంగని చేస్తుంటే పక్కనే నిలబడి విన్నావు కదే! నేనేమో నీ మంచితనానికి... మరి ఆ కుర్చీ? ఎముకలు విరిగేలా కుదిపావే, అదీ ఇందుకేనా?”

“మీరే వద్దంటారని...”

“ఇన్నేళ్ళు పిరికివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుని సిగ్గుతో చచ్చాను! ఒక్క మాట చెప్పుంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదే!” కోపంతో ఆయన గొంతు అరుపు దాకా వెళ్ళింది. ముందు సీటాయన తల తిప్పి చూశాడు. “ఆరోజు కుర్చీలో ఆ ముసలాయన నోరు తెరుచుకుని అంతసేపు...”

“నాన్నా” అంది కూతురు, నోరెళ్ళబెట్టి ఇద్దర్నీ చూస్తూ. “మనం పైకొచ్చేశాం.”

ఆయన కిటికీవైపు తిరిగాడు. కింద ఊరు లేదు, నేల లేదు, తెల్లటి మబ్బు మాత్రమే ఉంది. విమానం ఎప్పుడు లేచిందో ఆయనకి తెలియనే తెలియదు. భయపడటానికే తీరిక దొరకలేదు. కోపం మాత్రం ఇంకా దిగలేదు. అడగాల్సినవి ఇంకా బోలెడున్నాయి. కడిగెయ్యాలని మళ్ళీ భార్యవైపు తిరిగాడు.

ఆమె చెయ్యి ఇంకా పైకే ఉంది. ఎదురుగా బెల్టు పెట్టుకుని కూర్చున్న విమానం అమ్మాయి ఏం కావాలన్నట్టు కళ్ళతోనే అడుగుతోంది. భార్య అటు చూడటం లేదు, ఆయన్నే చూస్తోంది.

విమానాన్ని ఆపడం ఆయన తరం కాదు. ఆపగలిగింది ఒక్కటే ఉంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని అలాగే మింగేసి, ముందు సీటు వీపువైపు చూస్తూ, ఆ చెయ్యి దిగేదాకా కూర్చున్నాడు.