నిప్పు గంటలకు కాపడం

గుడియాత్తంలో బాలసుబ్రమణ్యం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఎనిమిది నిప్పు గంటలు వచ్చే దాకా, మంటను ముందే పసిగట్టే పని పుష్పవతి అరచెయ్యి చేసింది. మందులో ముంచిన పుల్లల చెక్క చట్టాలు ఆరబెట్టే గదిలో గంటకొకసారి తిరిగేది. ప్రతి చట్టం మీదా చెయ్యి పెట్టి చూసేది. రెండేళ్ళ కిందట ఒక చట్టం దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుని "బయటికి పదండే!" అని కేక పెట్టింది. నలభైమంది ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాకే గదిలో మంట లేచింది. అప్పటి నుంచి అందరికీ ఆ చెయ్యంటే గౌరవం.

ఇప్పుడు కప్పుకు ఎనిమిది తెల్ల బిళ్ళలు బిగించారు. ఒక్కొక్కటి తమలపాకంత ఉంటుంది. వేడి అరవై డిగ్రీలకు వస్తే లోపలి లోహపు రేకు వంగుతుంది, గేటు దగ్గర గంట మోగుతుంది. పొగను కనిపెట్టేవి ఇక్కడ పనికిరావు. మందు దుమ్ముకూ మైనపు ఆవిరికీ అవి పొద్దస్తమానం మోగుతూనే ఉంటాయి.

"ఇంకేముండాది అక్కా, నీ చెయ్యికి పింఛనే!" అన్నాడు మేస్త్రి దొరస్వామి. అతను నల్ల చొక్కా మనిషి, దేవుడు లేడనే పార్టీవాడు. గేటు పక్క ఆ కట్చి ఎర్ర నల్ల జెండా కట్టింది అతనే. సామి లేడు, పూజ లేదు అని యూనియన్ మీటింగుల్లో గొంతు చించుకునేవాడు. ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీ వైపు కూడా వచ్చేవాడు కాదు. "ఇనుముకు బొట్టు పెడితే ఇనుము మురిసిపోతుందా?" అని ఏటేటా పుష్పవతిని ఏడిపించడం అతనికి సరదా.

పూజ మరునాడు వేలూరు నుంచి ఇన్స్పెక్టరు వస్తున్నాడు. గంటలు మోగితేనే లైసెన్సు. మోగకపోతే గది మూత, నలభైమందికీ పని లేదు. గంటలు బిగించిన ఏసుదాసు ఆ పొద్దున్నే మద్రాసు నుంచి దిగి, పరీక్ష చేయడానికి వేడిగాలి ఊదే కరెంటు యంత్రం పెట్టెలోంచి తీశాడు.

దొరస్వామి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "మందు గదిలోకి నిప్పురవ్వ లేచే మిషనా సార్? నా పీనుగు దాటి పోవాల."

ఏసుదాసు తల గోక్కున్నాడు. "అయితే పరీక్ష లేకుండానే సంతకం పెట్టేద్దాం మొదలాళీ. బిగించిన రోజు బాగానే ఉన్నాయి."

యజమాని బాలసుబ్రమణ్యం పరీక్ష కాగితం ముందుకు లాక్కుని కలం తీశాడు.

"ఉండండయ్యా," అంది పుష్పవతి. "దానికి కావాల్సింది వేడే గదా? మా అత్తకు పదేళ్ళు కాపడం పెట్టినాను. దీనికి పెట్టలేనా?"

వీధి చివర టీ అంగడికి పోయి, ఇత్తడి చెంబు నిండా మరిగే నీళ్ళు తెచ్చింది. మూత బిగించి, చుట్టూ గుడ్డ కట్టింది. దొరస్వామి నిచ్చెన పట్టుకున్నాడు. "పైకి పో అక్కా, కాపడం డాక్టరమ్మా!"

మొదటి బిళ్ళకు చెంబు ఆనించింది. గేటు దగ్గర గంట గణగణమంది. ఆడవాళ్ళు కేకలు వేశారు. రెండోది కూడా మోగింది. మూడోది మోగలేదు.

ఎంతసేపు పట్టుకున్నా మోగలేదు. పుష్పవతి ముఖం దగ్గరగా పెట్టి చూసింది. బిళ్ళ అంచున సన్న చీలికలో గంధం ఎండి రాయిలా పట్టుకుంది. కుంకుమ రాలిపోయింది. తెల్ల బిళ్ళ మీద తెల్ల గంధం కింద నుంచి ఎవరికీ కనిపించదు.

అది తన బొటనవేలి గంధమే. నిన్న పూజ అయి అందరూ పోయాక ఒక్కతే నిచ్చెనెక్కి ఎనిమిదింటికీ పెట్టింది. కొత్తగా వచ్చినవి, నలభై ప్రాణాలు కాచేవి, వాటికి బొట్టు లేకుండా ఎట్లా అని. దొరస్వామి చూస్తే నవ్వుతాడని ఎవరికీ చెప్పలేదు.

"నీళ్ళు చల్లారిపోయుంటాయమ్మా," అన్నాడు ఏసుదాసు కింద నుంచి. "దిగిరా, చాలు."

ఎంత సులువైన మాట! అవును సార్ అని దిగిపోవచ్చు. గోరుతో గీకేసి నోరు మూసుకోవచ్చు. కానీ గీకితే పైది పోతుంది, చీలిక లోపలికి పోయింది ఎట్లా వస్తుంది? ఆమె కింద ఉన్న దొరస్వామిని చూసింది. జీవితమంతా చెప్పుకుని నవ్వడానికి ఇతనికి ఇది చాలు. పక్కన ఆడవాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. రేపు ఈ బిళ్ళను నమ్మి ఈ గదిలో కూర్చునేది వాళ్ళే.

చెంబు చెంపకు ఆనించుకుంది. చురుక్కుమంది.

"నీళ్ళు చల్లారలా సార్. నేనే. పూజకు గంధం పెట్టినాను, లోపలికి పోయి రేకును పట్టుకున్నాది. ఎనిమిదింటికీ పెట్టినాను. అన్నీ చూడాల."

బాలసుబ్రమణ్యం ముఖం ఎర్రబడింది. "ఏందమ్మా ఇది! ఇంకో గంటలో ఆయన వస్తున్నాడే!"

దొరస్వామి నోరు తెరిచాడు. పుష్పవతి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నిచ్చెన నాలుగోదాని కిందికి జరపండప్పా," అన్నాడు దొరస్వామి. "అక్క పని ఇంకా అయిపోలా."

మొత్తం మూడు మోగలేదు. బాలసుబ్రమణ్యం ఆ కాగితం సంతకం పెట్టకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇన్స్పెక్టరు వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇన్స్పెక్టరు చాలాసేపు బిళ్ళలనూ చెంబునూ చూసి, "ఎనిమిదీ మార్చండి. మళ్ళీ వస్తాను. ఇదే చెంబుతో, ఈమే చూపించాల," అన్నాడు.

నాలుగు రోజులు గది మూసే ఉంది. ఐదో రోజు కొత్త బిళ్ళలు వచ్చాయి. ఇన్స్పెక్టరు కళ్ళ ముందే పుష్పవతి ఎనిమిది సార్లు నిచ్చెనెక్కింది, ఎనిమిది సార్లూ గంట మోగింది. వీధిలో మగ్గాల చప్పుడు ఆగి, జనం గేటు దగ్గరకి వచ్చారు. ఆడవాళ్ళు ఒక్కొక్క గంటకూ గట్టిగా లెక్క చెప్పారు. ఎనిమిదోదానికి బాలసుబ్రమణ్యం కూడా గొంతు కలిపాడు. అప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున పుష్పవతి చెంబుతో లోపలికి పోయి వచ్చాకే మిగతావాళ్ళు చెప్పులు విడిచి గదిలో అడుగు పెట్టేవాళ్ళు.

మరుసటేడు ఆయుధపూజకు గంధం గిన్నె చేతిలో పట్టుకుని ఆమె గదిలోకి వచ్చింది. కప్పు వైపు చూడలేదు. కత్తెరలు, చట్టాలు, నిచ్చెన వరసగా పెట్టి ఉన్నాయి. చెంబు మాత్రం లేదు.

"చెంబు యాడ పోయింది?"

తలుపు దగ్గర నల్ల చొక్కా కనిపించింది. పూజ నాడు దొరస్వామి ఫ్యాక్టరీకి రావడం అదే మొదలు. అతని చేతిలో చెంబు బంగారంలా మెరుస్తోంది.

"నేను బొట్టు పెట్టను అక్కా, నా కట్చి ఒప్పుకోదు," అన్నాడు. "చింతపండు వేసి తోమి తెచ్చినాను. దీనికి ఎంత గంధం కావాలంటే అంత పూసుకో."

పుష్పవతి దాన్ని వరసలో అన్నిటికంటే ముందు పెట్టింది.