రెండు తలుపుల బోను

తొమ్మిది చిరుతలవని అడవి నలుమూలల నుంచీ ఏరి పంపిన తొమ్మిది మలం నమూనాలూ ఒకే ఒక్క చిరుతవని తెరమీద తేలగానే, ల్యాబ్ ఇన్‌చార్జి కుర్చీలోంచి లేచి వెళ్ళి గది తలుపు గడియ వేసి వచ్చింది.

"డబ్బాలు తారుమారు చేశావా?" అంది గొంతు తగ్గించి.

"ఒకటీ అరా అయితే నా నెత్తినేసుకుంటాను మేడమ్. తొమ్మిదీ నా తలకి చుట్టకండి," అన్నాడు టెక్నీషియన్. సీసా అడుగు లాంటి అద్దాలు పెట్టుకుంటాడు కాబట్టి అతన్ని అందరూ కళ్ళజోడు అనే పిలుస్తారు. ఫోన్లో తన పేరు అలాగే చెప్పుకుంటాడు. "రెండుసార్లు చదివించాను. మిషనుకి నామీద పగేం లేదు కదా."

జంతువు కడుపులోంచి మలంతో పాటు దాని కణాలు కూడా రాలిపడతాయి. వాటిలోని డీఎన్‌ఏని చదివితే వేలిముద్ర చూసినట్టే. కంటికి కనపడని చిరుతల్ని కూడా ఒక్కొక్కదాన్నీ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ఆ లెక్కమీద ఆమె సంతకం పెట్టాల్సింది ఆ సాయంత్రమే. చిరుతలున్నాయంటే అడవి జోలికి ఎవరూ రారు. లేవంటే, ఎప్పటినుంచో కాచుకు కూర్చున్న రోడ్డు అడవిని నడిమికి చీల్చుకుంటూ పోతుంది.

నమూనాలు కూలీలతో ఏరించి పంపింది అడవి రేంజరు. ఆమెకి బాబాయి. తండ్రి పోయాక ఆమెని భుజాలమీద మోసి పెంచింది ఆయనే. అక్షరాలకంటే ముందు జంతువుల అడుగుజాడలు నేర్పిందీ ఆయనే.

"ఇంకో మాట మేడమ్," అన్నాడు కళ్ళజోడు. "అది ఏం తిందో కూడా చూశాను. కుందేలు లేదు, జింక లేదు, కనీసం ఊరకుక్క కూడా లేదు. అన్నిట్లోనూ కోడే. అదీ ఫారం కోడి. అడవిలో దానికి ఫారం కోడి ఎవరు ఇంటికి తెచ్చిస్తున్నారు?"

ఆమె నవ్వలేదు. చిరుతని ఎవరో బోనులో పెట్టి మేపుతున్నారు. దాని మలాన్ని అడవంతా చల్లుతున్నారు.

"ఫిల్టరు తీసి మళ్ళీ నడుపు."

"ఏ ఫిల్టరు?"

"మనిషిది."

ఆ ల్యాబ్‌లో మనిషి డీఎన్‌ఏ అంటే చెత్త. ఏరేవాళ్ళ చేతులు తగులుతాయి, తుమ్ములు పడతాయి. అందుకని చదవకముందే మనిషి జాడల్ని జల్లెడపట్టి పారేయడం అక్కడి అలవాటు. అడవి సిబ్బంది అందరి ఎంగిలి నమూనాలూ ఎప్పుడో తీసి దాచారు గానీ, వాటితో పోల్చి చూడాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. ఇప్పుడు ఆ మలాన్ని ఎవరి చేతులు చల్లాయో ఆమెకి తెలియాలి. ఏ కొత్త కూలీవో అయితే బాగుండు. బాబాయివి కాకపోతే చాలు.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. కళ్ళజోడు అద్దాలు తీసి, చొక్కాకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తొమ్మిదింటిమీదా బాబాయిగారి జాడే మేడమ్. పైపైన. గ్లౌజులు వేసుకోలేదు."

"సరే," అంది.

"ఒకదాంట్లో ఇంకొకరున్నారు. పైన కాదు, లోపల. తిండితో పాటు."

"తిండితో పాటు అంటే?" తెలిసే అడిగింది.

"తిండే మేడమ్."

ఆమె కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.

"ఎవరు?"

"ఈల."

ఈల అడవి సిబ్బందిలో జాడలు పట్టే మనిషి. ఉలిక్కిపడ్డ జంతువే మీద పడుతుందనీ, ముందే తెలిస్తే దాని దారిన అది తప్పుకుంటుందనీ అతని లెక్క. అందుకే సన్నగా ఈల వేసుకుంటూ నడిచేవాడు. వానలకి ముందు కనపడకుండా పోయాడు. "ఊరు మారిపోయాడమ్మా. వాడి కాలు ఒకచోట నిలుస్తుందా?" అన్నాడు బాబాయి. ఆమె నమ్మింది.

ఆ రోజుల్లోనే ఒకసారి భోజనాల దగ్గర బాబాయి అడిగాడు. "ఆ నమూనాలకి మనిషి చెయ్యి తగిలితే మీ చదువు పాడైపోతుందా తల్లీ?" ఆమె కూర వడ్డిస్తూ చెప్పింది. "ఏం పాడవదు బాబాయ్. మనిషిదైతే చూడకుండానే పారేస్తాం." ఆయన ఇంకొంచెం పెట్టించుకుని కడుపునిండా తిన్నాడు.

ఆమె జీపు తాళాలు తీసుకుంది.

"పోలీసులకి చెబుదాం మేడమ్. ఒక్కరూ వెళ్ళకండి."

"సాయంత్రంలోగా నేను ఫోన్ చెయ్యకపోతే ఫైలు మొత్తం పోలీసులకీ, పై ఆఫీసుకీ పంపేయ్."

"చేస్తే?"

"చేసినా పంపేయ్."

"మరింక వెళ్ళడం దేనికండీ?"

"నన్ను పెంచాడు. ఆ మాట ముందు నాకు చెప్పాలి."

రేంజరు క్వార్టర్స్ వెనక కలప షెడ్డు, షెడ్డు వెనక పాత బోను. దెబ్బతగిలిన జంతువులకి ఒకప్పుడు అక్కడ వైద్యం చేసేవాళ్ళు. ఎప్పుడో మూతపడిందనే ఆమె అనుకుంది. జీపు దిగగానే పచ్చి వాసన ముక్కుపుటాలకి తగిలింది. బాబాయి బక్కెట్టుతో ఎదురొచ్చాడు.

"ఏంటే, చెప్పాపెట్టకుండా! సంతకం అయిపోయిందా?"

"లేదు బాబాయ్. చిరుతని చూసి పెడదామని."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. నవ్వబోయి మానేశాడు.

"నీ కళ్ళజోడు గాడు గట్టివాడే," అన్నాడు. "దా, చూద్దువుగాని. నీ దగ్గర దాచేదేముంది?"

నడుస్తూ ఆయనే చెప్పుకొచ్చాడు. కుక్కల నుంచి ఏదో జబ్బు అంటుకుందట. చిరుతలన్నీ ఒకదాని వెనక ఒకటి రాలిపోయాయట. "ఇదొక్కటే మిగిలింది. లేవని రాస్తే రోడ్డొస్తుంది. రోడ్డొచ్చాక ఇంక అడవేది? ఉన్నాయంటే అడవి ఉంటుంది. అడవి ఉంటే ఎప్పటికైనా ఎక్కడినుంచో నాలుగు వచ్చి చేరతాయి. ఒక్క అబద్ధం తల్లీ. దాని నీడలో ఎన్ని ప్రాణాలు బతుకుతున్నాయో చూడు."

బోనుకి రెండు తలుపులు. రెంటికీ మధ్య మనిషి పట్టేంత సందు. బయటి తలుపు వెయ్యకుండా లోపలిది తియ్యకూడదు, అదీ నియమం. బయటి తలుపు గొళ్ళెం బయటే ఉంటుంది. అందుకని సందులోకి ఒకరు వెళితే బయట ఇంకొకరు కాపలా ఉండాలి. ఇదంతా చిన్నప్పుడు ఆమెకి బాబాయే నేర్పాడు.

ఆయన బక్కెట్టుతో సందులోకి వెళ్ళాడు. ఆమె వెనకే తలుపు చేరవేసి, గొళ్ళెంమీద చెయ్యి వేసింది. వేస్తున్నప్పుడు ఆమె మనసులో ఏమీ లేదు, అలవాటు తప్ప.

లోపలి కడ్డీల వెనక చిరుత లేచి నిలబడింది. బక్కచిక్కి ఉంది. చప్పుడు చెయ్యలేదు. బాబాయి కోడిని లోపలికి జారవిడిచి, వెనక్కి తిరిగి, ఆమె చెయ్యి ఎక్కడుందో చూశాడు. బక్కెట్టు జారి కిందపడింది. నిండు ఎండలో ఆయన మొహం బూడిదలా అయిపోయింది.

"అమ్మా... గొళ్ళెం మీంచి చెయ్యి తియ్యి."

"ఎందుకు బాబాయ్? ఇది వేసే ఉండాలని నువ్వేగా నేర్పావు?"

"తియ్యవే. నీకు దణ్ణం పెడతాను."

అప్పుడు ఆమెకి అర్థమైంది. చెయ్యి తియ్యలేదు.

"ఈల కూడా అక్కడే నిలబడ్డాడా?"

చిరుత కోడిని నోట కరుచుకుని మూలకి పోయింది. ఎముకలు విరుగుతున్న చప్పుడు. బాబాయి కడ్డీలకి ఆనుకోబోయి, ఆనుకోకూడదని గుర్తొచ్చి, సందు మధ్యలోనే కూలబడ్డాడు.

"దాన్ని వదిలేద్దామని వచ్చాడు వాడు. 'బోనులో పెట్టి అడవిని కాపాడేదేంటి సార్' అన్నాడు పొద్దున. సర్దిచెప్పాను, విన్నాడనే అనుకున్నాను. తీరా చూస్తే నేను షెడ్డులో ఉన్నప్పుడు వచ్చి, ఇదిగో, ఈ లోపలి తలుపు తీసేశాడు. బయటిది కూడా బార్లా తీసే పెట్టాడు. అదొక్కటీ పోతే ఇంకేం మిగులుతుందే? పరిగెత్తుకొచ్చి గొళ్ళెం వేశాను. అది బయటికి రాకూడదని వేశాను, వాడు రాకూడదని కాదు. ఆ మాట మాత్రం నమ్ము. కానీ వేశాక వాడు నావైపు తిరిగాడు. అరవలేదు. అరిస్తే అది బెదురుతుందని వాడికి తెలుసు. నెమ్మదిగా ఈల వేశాడు, అడవిలో వేసినట్టే. తియ్యమని. నా చెయ్యి గొళ్ళెంమీదే ఉందమ్మా, ఇప్పుడు నీది ఉన్నట్టే. తీస్తే వాడు బతుకుతాడు, చిరుత పోతుంది. రెండూ తెలుసు నాకు. తెలిసే తియ్యలేదు. ఆ ఈల ఆగేదాకా తియ్యలేదు."